ఎడమచేతి మౌస్

పాలకొల్లు,
19-8-2004

రాజమండ్రి హెడ్డాఫీసు కంప్యూటర్ విభాగంలోని శరత్‌చంద్ర గారికి నమస్కారం.

నేను ఇక్కడి మన కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. నాది ఎడమచేతి వాటం. అందుకని మౌస్ బటన్లు ఎడమచేతికి మార్చుకుంటాను. జూన్ నుంచి చాలా రోజులు, పొద్దున్నే వచ్చేసరికి అవి మళ్లీ కుడిచేతికి మారిపోయి ఉండేవి.

మా గదిలో కంప్యూటర్లన్నీ ఆన్ చేసేది నాకంటే ముందొచ్చే సీతారామలక్ష్మి గారు. "పిల్లల సర్టిఫికెట్లు ఎడంచేత్తో చేస్తావేంటమ్మా, మంచిది కాదు" అని ఆవిడ ఒకసారి అన్నారు. అది మనసులో పెట్టుకుని, పోయిన సోమవారం అందరి ముందూ "నా మౌస్ జోలికి రాకండి" అనేశాను. అప్పటినుంచి నా కంప్యూటర్ నేనే ఆన్ చేసుకుంటున్నాను. అయినా రోజూ కుడిచేతికే ఉంటోంది.

నిన్న మీ ఇంజనీరు గారు వచ్చి, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ మీరు పెట్టిన స్క్రిప్టు అనే ప్రోగ్రాం నడిచి అందరి సెట్టింగులూ ఒకేలా మార్చేస్తుందని చెప్పారు. అందులోంచి నా కంప్యూటర్ని తప్పించమని ప్రార్థన.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదండి. జూన్, జూలైల్లో వారానికి రెండు మూడు రోజులు మౌస్ ఎడమచేతికే ఉండేది. ఆ రోజుల్లో మీ స్క్రిప్టు నడవలేదా? నడవలేదని ఒక్క ముక్క రాయండి. రోజూ నడిచిందంటే, నాకోసం మౌస్‌ని ఎడమచేతికి మార్చిపెట్టింది ఎవరండీ? ఆవిడ ఇవాళ కూడా నా ఎదురుగానే కూర్చున్నారు.

మీ జవాబు కోసం చూస్తూ,
పరీక్షల సెక్షన్ గుమాస్తా