కుర్చీ వేసి చెప్పే మాట

మా కొండమీది అబ్బాయికి కొండ కింద ఉన్న అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నా మోకాలూ. అక్కడ నువ్వూ, నీ కొలతల సామానూ, నీతో ఎండలో తిరిగేవాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఈ క్షేమం మాట రాయాలి కాబట్టి రాసింది కాదు. నాకు జబ్బు లేదు. ఉద్యోగం ఊడలేదు. అయినా నీకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. కొన్నాళ్ళుగా కక్కలేక మింగలేక ఉన్నాను. అది వింటే నువ్వు నాకు దూరం జరుగుతావేమోనన్న భయం ఒక్కటే నన్ను ఆపింది. ఈ ఉత్తరం ముగిసేలోపు చెబుతాను. కథల పుస్తకాల్లో చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈసారికి ఆ పని చెయ్యకు.

నీ ఉత్తరం జీపు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. పై క్యాంపుకి మారారనీ, అక్కడ ఫోను పలకదనీ, సరుకుల జీపులోనే ఉత్తరాలు రావాలనీ రాశావు. నీ ప్రశ్నలు కూడా చదివాను. ఉత్తరంలా లేదు, పోలీసు విచారణలా ఉంది. సరే, వరసగా జవాబు చెబుతాను.

మోకాలు ఫరవాలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం తన ఉనికి గుర్తుచేస్తుంది. రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాను. రిపోర్టు పంపమన్నావు, ఇందులోనే మడిచి పెట్టాను, అందులో నీకు దొరికేది ఏమీ లేదు.

తరువాత ఫ్రిజ్ సంగతి. "ఆరోజు ఫోన్‌లో ఏం చెప్పబోయావు? ఫ్రిజ్ అంటే నేను నమ్మను" అని రాసి కింద గీత గీశావు. నమ్మకపోవడమే న్యాయం. ఆరోజు తప్పంతా నాదే. చెప్పాల్సింది ఎలా మొదలుపెట్టాలో తెలియక, నోటికి అలవాటైన మాటలు అనేశాను. "కన్నా, నీతో ఒకసారి మాట్లాడాలి. పక్కన తోడు ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

ఆ మాటలు నీకెంత బాగా తెలుసో నాకు ఆ క్షణంలో తట్టలేదు. బడి వదిలాక ఆసుపత్రికి వచ్చి, మా టెలిఫోను గదిలో నా కుర్చీ పక్కనే లెక్కలు చేసుకుంటూ పెరిగినవాడివి. మాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం అది. మంచి కబురైతే మెట్ల మీద నుంచి అరిచి చెప్పినా ఫరవాలేదు, చెడు కబురు మాత్రం కుర్చీ వేసి చెప్పాలి అనేది ఆవిడ. అందుకే పోయిన మనిషి గురించి మేము ఎప్పుడూ ఫోన్‌లో చెప్పం. "డాక్టరుగారు మీతో ఒకసారి మాట్లాడాలంటున్నారు, తోడు ఎవరినైనా తీసుకుని రండి" అంటాం. అవతలివాళ్ళకి సగం అర్థమవుతుంది. మిగతా సగం ఎదురుగా కూర్చోబెట్టి చెబుతారు.

అదే మాట నా గొంతులో, నా కొడుకు చెవిలో. నువ్వు "అమ్మా, ఏ వార్డులో ఉన్నావు?" అన్నావు. అంతలో లైను తెగింది. నేను మళ్ళీ కలపడానికి తంటాలు పడుతుండగా ఆసుపత్రి నంబరుకి ఫోను వచ్చింది. ఎత్తి, "నమస్కారం, ఎవరు కావాలి?" అన్నాను. "మీ దగ్గర టెలిఫోను ఆపరేటర్‌గా చేసే ఆవిడని చేర్చుకున్నారా అండీ? నేను వాళ్ళబ్బాయిని" అని ఒక్క ఊపిరిలో అడిగావు. "నేనేరా" అన్నాను. నువ్వు ఏడ్చావో నవ్వావో ఇప్పటికీ తెలియదు. ఆ గొంతు విన్నాక ఇంక అసలు మాట ఎలా బయటికి వస్తుంది? ఫ్రిజ్ పాడైందని చెప్పి తప్పించుకున్నాను. నువ్వు "ఫ్రిజ్ కోసం నాకు తోడెందుకమ్మా" అన్నావు. ఇంకో లైను మోగుతోందని చెప్పి పెట్టేశాను.

ఆ తరువాత మెసేజ్ పెడదామనుకున్నాను. రాసి, తుడిచి, మళ్ళీ రాశాను. నేను రాస్తున్నట్టు నీ ఫోన్‌లో కనబడుతుందని తెలియదు. "ఏం రాస్తున్నావమ్మా ఇంతసేపు, రామాయణమా?" అని నువ్వే పంపావు. కంగారులో బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. గొంతు రికార్డు చేసి పంపుదామని ఇంకోసారి ప్రయత్నించాను. చేసింది వింటే, "దయచేసి గమనించగలరు" అని వరండాలో మైకులో చెప్పేదానికీ దానికీ తేడా లేదు. మధ్యలో కుక్కరు కూత ఒకటి. అదీ చెరిపేశాను. ఊరంతటికీ కబుర్లు అందించే మనిషిని, నా కబురు ఒక్కటి అందించలేక చతికిలపడ్డాను.

నేనే వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. ఆలోచించాను. చెప్పాపెట్టకుండా మీ గుడారం ముందు దిగితే, నేను నోరు విప్పకముందే నీ గుండె జారిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నా మొహం చూస్తే నువ్వు వెంటనే "సరే అమ్మా" అనేస్తావు. చదువు విషయంలో అన్నావు, ఇల్లు మారినప్పుడు అన్నావు. లోపల ఏముందో తరువాతెప్పుడో తెలుస్తుంది. ఈ విషయంలో నాకు ఆ "సరే" వద్దు. ఉత్తరమైతే నువ్వు కోపం తెచ్చుకోవచ్చు, దీన్ని విసిరికొట్టొచ్చు, కొండ చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ తీసి చదవొచ్చు. ఆ కోపం నాకు కనబడదు. నేను చూస్తున్నానన్న బాధ నీకుండదు.

ఆలస్యం చెయ్యడానికి కూడా వీల్లేదు. మీ రేడియో పిన్నికి తెలిసిపోయింది. దాని నోట్లో నువ్వుగింజ నానదని నీకు కొత్తగా చెప్పాలా? ఆదివారం దాకా నోరు కట్టేసుకుంటానని నా మీద ఒట్టు వేసింది. వేసేటప్పుడే ఫోను వైపు చూస్తోంది. నువ్వున్న చోట ఫోను పలకకపోవడం ఇన్నాళ్ళకి నాకు కలిసొచ్చింది.

మీ నాన్న పోయినరోజు నేను మర్చిపోలేదు. హాస్టలు వార్డెన్‌కి ఫోను చేసి, నిన్ను తన గదికి పిలిచి కూర్చోబెట్టమని చెప్పి, నేను లైను పట్టుకునే ఉన్నాను. ఆయన మెట్లెక్కుతుండగానే పిన్ని పంపిన పూల బొమ్మ నీ ఫోన్‌కి వచ్చింది. కింద 'ఆత్మకు శాంతి' అని రాసి ఉందట. అది ఎవరి గురించో తెలుసుకోవడానికి నువ్వు రెండుసార్లు చదవాల్సి వచ్చిందని తరువాత చెప్పావు. "ఇకమీదట ఏదైనా సరే నీ దగ్గర్నుంచే వినాలమ్మా" అన్నావు. పిన్ని మంచిదే, పాపం, దుఃఖం ఆపుకోలేక పంపింది. కానీ ఆ పని రెండోసారి జరగనివ్వను.

ఇక నీ చివరి ప్రశ్న. పై క్యాంపుకి మారకముందు, మధ్యాహ్నం భోజనాల వేళ నువ్వు చేసిన ఫోన్లు ఎందుకు ఎత్తలేదని అడిగావు. జవాబు చెబితే నేను చెప్పాల్సిందంతా చెప్పేసినట్టే.

ఆ వేళ నేను క్యాంటీన్‌లో ఉంటాను. ఒక్కదాన్నే కాదు. ఆసుపత్రిలో బోర్డులు రాసే ఆయన ఉంటాడు. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు చూసే ఉంటావు, గోళ్ళలో ఎప్పుడూ నీలం రంగు, మెడలో కళ్ళజోడు తాడు. భార్య పోయి చాలా కాలమైంది, ఒక్కడే ఉంటాడు. ఎక్స్‌రే గది ఎక్కడని రోజంతా నాకు ఫోన్లు వస్తుంటే విసుగెత్తి, మీ బాణం గోడకి దారి చూపిస్తోంది, మనుషులకి కాదు అని ఆయనతో పోట్లాడాను. మర్నాడు బాణం మార్చి, సరిపోయిందో లేదో చూడమని నన్ను పిలిచాడు. అలా మొదలైంది మాటలు కలవడం.

వానాకాలం మొదట్లో ఒకరోజు మా గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక మాట చెప్పాలండీ" అన్నాడు. అప్పుడే లైన్లన్నీ ఒకేసారి మోగాలా? నేను ఒక్క నిమిషం అని వేలు చూపించి ఒకరి తరువాత ఒకరికి కలుపుతూ కూర్చున్నాను. ఆయన కదల్లేదు. చివరికి గది సద్దుమణిగాక అన్నాడు: "రాసిచ్చేవాణ్ణి. నేను రాస్తే మీరు అక్షరాలు బాగున్నాయంటారు. అందుకని నోటితో చెబుదామని వచ్చాను. మిగిలిన రోజులు మీతో కలిసి ఉండాలని ఉంది. మీకు కుదురుతుందా?"

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి నేను ఎత్తలేదు. నా ఉద్యోగంలో అలా చెయ్యడం అదే మొదలు.

కన్నా, మేము పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఇదీ విషయం. రాసేశాను. ఈ పంక్తి వంకర పోయింది, చూసే ఉంటావు.

పిన్ని వినగానే "కొడుక్కి చెయ్యాల్సిన వయసులో నువ్వు చేసుకుంటావా?" అంది. నువ్వు కూడా అనొచ్చు. నీ పెళ్లి ఆపింది నేను కాదు, కొండలు కొలుస్తూ నువ్వే వాయిదా వేస్తున్నావు. నవ్వించడానికి రాశాను గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండు రోజులు సరిగా తినలేదు. తరువాత ఆలోచించాను. ఇన్నేళ్ళూ వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ కలుపుతూ బతికాను. కూర్చుని నా మాట వినేవాడు మీ నాన్న ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయాక ఇంట్లో పెద్దగా మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఈ మనిషి దగ్గర మళ్ళీ మాట్లాడుతున్నాను. ఆ సంతోషం నాకు కావాలి. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

నువ్వు ఆయన్ని నాన్నా అని పిలవక్కర్లేదు. ఆయన ఆశించడం లేదు, నేనూ అడగను. బోర్డులాయన అనే అను, నేనూ ఇంకా అలాగే పిలుస్తున్నాను. మీ నాన్న చోటు మీ నాన్నదే. నా మనసులో దాన్ని ఎవరి కోసమూ జరపలేదు. నీ గది నీ గదే, నీ పుస్తకాలు అలాగే ఉన్నాయి.

ఒకటి తేటగా చెప్పాలి. ఇది నీ అనుమతి అడగడం కాదు. నేను ఆయనకి అవునని చెప్పేశాను. అలాగని నీ మాట నాకు అక్కర్లేదనీ కాదు. నా కొడుక్కి తెలియనిదే తేదీ అనుకోకూడదని కూడా ఆయనకి చెప్పాను. "తొందరేముందండీ, ఆయన్ని నిదానంగా ఆలోచించుకోనివ్వండి" అన్నాడు. నిన్ను 'ఆయన' అన్నందుకు నాకు ముచ్చటేసింది.

జవాబు వెంటనే రాయొద్దు. ఆ జీపుని ఒకసారి ఖాళీగా రానియ్యి. నీకు సంతోషమే అనిపిస్తే ఎలా చెప్పినా సరే. డ్రైవరు చేత కబురంపు, కిందికి దిగినప్పుడు బొటనవేలి బొమ్మ పంపు, లేదా ఆసుపత్రి నంబరుకి చేసి ఆపరేటరుకి చెప్పు. కానీ నీ మనసు ఒప్పుకోకపోతే మాత్రం రాసి పంపొద్దు, ఫోనూ చెయ్యొద్దు. సెలవు పెట్టి ఇంటికి రా. నా మొహం చూసి వద్దనడం నీకు చేతకాదని తెలిసే ఇలా అడుగుతున్నానని అనుకుంటావేమో. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఈసారి చేతనవ్వాలి కన్నా. నీకు కుర్చీ వేస్తాను. ఎదురుగా నేను కూర్చుంటాను. ఎంత కష్టమైన మాటైనా పూర్తిగా వింటాను, మధ్యలో లేవను. అంత దూరం నుంచి ఆకలితో వస్తావు కాబట్టి, ముందు భోజనం చేసి, తరువాత చెబుదువుగాని.

ఇట్లు,
ఏ వార్డులోనూ లేని
మీ అమ్మ