కిటికీ ఎదుట వెదురు బొంగులు

బావగారికి,

దండాలు పెట్టి మొదలుపెట్టే ఓపిక లేదు. ఎదురుగా మాట్లాడితే గొంతు లేస్తుందని రాసి పంపుతున్నాను.

డాక్టర్లు ఇక లాభం లేదన్నప్పటి నుంచి మీరు మా మెట్లెక్కలేదు. నిన్న మాత్రం కింద బట్ట నేసే సాంచాల షెడ్డు పక్కన, మీ తమ్ముడి కిటికీ ఎదుట, పాడెకని వెదురు బొంగులు దింపించి పోయారు.

ఆయన చూశారు. “గవి నాకేనా?” అని అడిగారు. అబద్ధం చెప్పలేకపోయాను.

“గింతదాంక అచ్చిన అన్న పైకెందుకు రాలే?” అన్నారు.

బొంగులు తీయించేశాను. అవసరమైననాడు అన్నీ నేనే తెప్పిస్తాను. మీరు రేపు ఉత్త చేతులతో వచ్చి ఆయన మంచం మీద కూర్చోండి. మాట్లాడకపోయినా సరే. మెలకువ వచ్చినప్పుడల్లా తలుపు వైపే చూస్తున్నారు.

మీ మరదలు