నాలుగు మూరల దర్వాజ

ఇబ్రహీంపట్నం, 1948 ఆగస్టు, శనివారం రాత్రి.

పొద్దున సొరకాయ కోస్తూ తమ్ముడు యేసుదాసు ఇంటి పని చూస్తున్నాను. మరదలు మార్తమ్మ గోడకు ఎర్రమట్టి పూస్తోంది. చెదలు తిన్న పాత దర్వాజ తీసేసి తమ్ముడు కొత్తది నిలబెట్టాడు. అది బాగా ఎత్తయింది. మార్తమ్మ తన మూరతో కొలిచి నాలుగు అని చెబితే, అతను తన పొడుగు మూరతో నాలుగు కొలిచి కోయించాడు.

“నీ చెయ్యి గింత పొడుగని పెండ్లినాడు ఎవ్వరు చెప్పలె,” అంది మరదలు.

“మంచిదే. ఇగ వంగుడు ప్రార్థనకే,” అన్నాడు తమ్ముడు.

మా వాడలో దర్వాజలన్నీ వంగి దూరేవే. అది గడిలో ఉండే దొర మాకు పెట్టిన కట్టడి. మధ్యాహ్నం దొర మనిషి వచ్చాడు.

“మీకు గింత ఎత్తు దర్వాజనా? రేపటికల్లా కోసి పొట్టిగ చెయ్యకుంటె ఇల్లే కూలగొట్టిస్త.”

తమ్ముడు దర్వాజ కొయ్యడానికి రంపం అందుకున్నాడు. మార్తమ్మ లాక్కుంది. నాకు ప్రార్థన చేసినా భయం తగ్గలేదు.

సాయంత్రం ముగ్గురం కూర్చుని అనుకున్నాం. దర్వాజ కొయ్యం. రేపు ఆదివారం ప్రార్థన ఆ ఇంట్లోనే. దొర మనిషి చూస్తుండగా ముందు నేను లోపలికి నడుస్తాను. పాత దర్వాజకు కూడా వంగనక్కరలేనంత పొట్టిదాన్ని. అయినా తల ఎత్తుకునే పోతాను.