కాళ్లు బయటికి రాని కొలత

అమ్మకు, నేను కులాసానే, నిద్రే కరువైంది.

నీ బొంతల వెబ్‌సైట్ ఎట్టకేలకు తయారైంది. ఆఫీసు నుంచి వచ్చి దాని ముందు కూర్చుంటే నడుము పడిపోతోంది. ఒక్కో బొంత పొడవెంతో రాసి పంపమంటే నువ్వేమో, “నువ్వు పడుకుంటే కాళ్లు బయటికి రానంత” అని రాశావు. మళ్లీ అడిగే ఓపిక లేక, “మా అబ్బాయి పడుకుంటే కాళ్లు బయటికి రానంత” అనే పెట్టేశాను.

నిన్న మొదటి ఆర్డరొచ్చింది. “మీ అబ్బాయి ఎంత పొడుగండీ? మావాడు తాటిచెట్టు” అని ఒకావిడ అడిగింది. నా ఎత్తు చెప్పాను. జానెడు పెంచి కుట్టాలట.

కళ్లద్దాలు మార్పించావా? సూదిలో దారం చెల్లి చేత ఎక్కించుకో. నాన్న మోకాలు ఎలా ఉంది? చెల్లికి దీవెనలు.

ఆవిడది అయ్యాక నాకూ ఒకటి కుట్టమ్మా. ఇక్కడి దుప్పట్లో నా కాళ్లు బయటే ఉంటున్నాయి.

నీ పెద్దోడు