తాడు తెగితే ఆగమనే చెయ్యి

ముక్తేశ్వరం రేవు దగ్గర కాపురముంటున్న ఓలేటి నూకయ్య గారి కుమారుడు ఓలేటి పండు అనే నేను, వయసు ఇరవై ఏడు, వృత్తి వెల్డింగు, నా ఇష్టప్రకారం నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మందు తాగి రాయడం లేదు. బుద్ధి స్థిరంగానే ఉంది, పాడైంది గుండె. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాతం జ్వరం వల్ల లోపల కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదని, కోసి కొత్తది పెడతామని కాకినాడ డాక్టరు చెప్పాడు. నా బుల్లి రైలుకి నేను చేసిన సిగ్నళ్ళలో ఒక్కటి కూడా అలా సగంలో ఆగిపోదు. దేవుడి పనితనం గురించి ఇంతకన్నా రాయను. అమ్మ బాధపడుతుంది.

ఆపరేషన్ అయ్యాక నేను లేస్తే ఈ కాగితం పొయ్యిలో పెట్టండి. లేవకపోతే కింద రాసినట్టు జరగాలి. జరిపించే బాధ్యత మా చెల్లి లక్ష్మీతులసిది. మా ఇంట్లో అన్న మాట మీద నిలబడే మనుషులు ఇద్దరే. అది ఒకత్తి. రెండో మనిషి సంగతి చివర్లో రాస్తాను.

1. నా ఆస్తి వివరం. భూమి లేదు, బంగారం లేదు. పెరట్లో తాటాకు పాక ఉంది. అందులో నేను కట్టుకున్న బుల్లి రైల్వే ఉంది. కోటిపల్లి నుంచి అమలాపురం దాకా, మధ్యలో గోదారి మీద వంతెనతో సహా. బయట అసలు గోదాట్లో రైలు వంతెన స్తంభాలు లేచి ఎన్నాళ్ళయిందో చెప్పడం కూడా విసుగే. ఓట్లప్పుడల్లా ఒకాయన వచ్చి, ఇదిగో రైలు, అదిగో కూత అంటాడు. విని విని విసిగిపోయి నా రైలు నేనే వేసుకున్నాను. ఇంజనూ పెట్టెలూ రేకు డబ్బాలతో చేసినవి, బ్యాటరీ మీద నడుస్తాయి. వాటికన్నా నాకు ముఖ్యం సిగ్నళ్ళు. ఇప్పటి రంగు దీపాలు కావు, పూర్వం స్టేషన్ల దగ్గర ఉండే చెయ్యి సిగ్నళ్ళు. స్తంభం మీద ఎర్ర రెక్క, కింద మీట, రెంటినీ కలుపుతూ ఒక తీగ. అడ్డంగా ఉంటే ఆగు, వాలితే వెళ్ళు. అంతే. దానికి అబద్ధం చెప్పడం రాదు.

ఈ రైల్వేని ముక్కలు చెయ్యకూడదు, అమ్మకూడదు. ఈ వీలునామా రాస్తున్నదే దీనికోసం. మిగతావి పాటించకపోయినా నేను చూడ్డానికి రాను గానీ, ఇది పాటించండి.

2. మా ఓనరు నారాయణమూర్తి గారికి. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు చేసే షెడ్డు ఆయనది, వెల్డింగు నాది. ఆయన బయట పారబోసే రేకు ముక్కలు అడిగే తెచ్చుకున్నాను. అప్పుడు, “పట్టుకుపోరా, తుక్కే కదా” అన్నారు. ఇప్పుడు నేను మంచం ఎక్కగానే, రిసార్టు పెట్టిన ఒకాయన్ని వెంటబెట్టుకుని పరామర్శకని వచ్చి, పాకలోకి తీసుకెళ్ళి, “మా కుర్రోడేనండి. మన సామానుతోనే చేసేడు. మీ లాంజిలో పెడితే అదిరిపోద్దండి” అన్నారు. ఆ రిసార్టాయన, “ఆయ్, అంతా ఎక్కడ పడుతుందండీ, వంతెన ముక్క వరకూ కోయించుకెళ్తానండి” అన్నాడు. నాతోపాటు నా చెవులు కూడా మంచం పట్టాయనుకున్నారు కాబోలు. నేను పోతే మళ్ళీ వస్తారు. చాలా మర్యాదగా వస్తారు. అందుచేత ముందే రాస్తున్నాను: ఓనరు గారి సామాను ఆయనకే చెందాలి. పాక మూలనున్న గోనెసంచిలో నేను కత్తిరించగా మిగిలిన రేకు అంచులున్నాయి. అదే ఆయన వాటా. చేతులు కోసుకోకుండా మోసుకెళ్ళమనండి. ఇంకా రాద్దును గానీ, తిట్టడానికి కూడా ఆయాసం వస్తోంది.

3. సెల్‌ఫోన్లు బాగుచేసే కిషోర్‌కి నా సోల్డరింగ్ ఐరన్, సన్నమూతి పటకారు. వాడితో నాకు సిగ్నళ్ళ దగ్గరే చెడింది. చెయ్యి సిగ్నళ్ళు రెండు రకాలు. కిందికి వాలితే వెళ్ళమనేది పాత రకం. పైకి లేస్తే వెళ్ళమనేది తర్వాత వచ్చింది. పైకి లేచేదే పెట్టమని వాడు. “ఒరేయ్, తీగ తెగినా దాని బరువుకి అదే పడిపోయి ఆగమంటది. బుర్ర వాడరా బాబూ.” పాతదే పెడతానని నేను. వాలిన చెయ్యి రమ్మని పిలిచినట్టుంటుంది, ఎత్తిన చెయ్యి కొట్టబోయినట్టుంటుంది. నా కారణం ఇంతే. వాడు పడీపడీ నవ్వాడు. నేను బయటికి పొమ్మన్నాను. పోయాడు.

కిషోరూ, నువ్వు చెప్పిందే నిజం. అయినా మార్చను. అమలాపురం స్టేషన్ చివర ఒక స్తంభం ఖాళీగా వదిలాను. దానికి నీ పైకి లేచే చెయ్యి చేసి పెట్టుకో. ఒక్కటే. రెండోది పెట్టావంటే దెయ్యాన్నై వస్తాను.

4. అమ్మ సూర్యావతికి. సిగ్నల్ చెయ్యి మొదట్లో రెండు చిన్న కళ్ళుంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. చీకట్లో వెనక దీపం వాటిలోంచి కనబడాలి. రంగు కాగితం అంటించి చూశాను, వెలిసిపోయింది. అమ్మ కోటిపల్లి తీర్థంలో కొనుక్కున్న మట్టిగాజుల్లో చిట్లినవి ఏరి ఇచ్చింది. ఎర్రవి సరిపోయాయి, పచ్చవి చాల్లేదు. ఇంకో పచ్చ గాజు అప్పుడే చేతి నుంచి తీసి, “ఇదీ చిట్లిందేరా” అంది. చిట్లలేదు. నేను చూశాను. రోజూ సాయంత్రం సిగ్నల్ దీపాలు వెలిగించే హక్కు ఆవిడది. కరెంటు బిల్లు గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు.

5. మెడికల్ షాపులో పనిచేసే జెస్సీకి ఏమీ రాయడం లేదు. రాయాలనే అనుకున్నాను. వీలునామాలో వాటా ఉన్నవాళ్ళు సాక్షి సంతకం పెడితే ఆ వాటా చెల్లదట. ఆ సంగతి ఎక్కడో తెలుసుకుని వచ్చి, “సాక్షి సంతకం నేను పెడతాను. నాకేం రాయకు. ఇవ్వాల్సిందేదన్నా ఉంటే తిరిగొచ్చి చేత్తో ఇవ్వు” అంది. కాబట్టి రాయడం లేదు. ఇది చదివేవాళ్ళెవరూ నేను తనని మరిచిపోయాననుకోవద్దు.

6. ఇక మా నాన్న. ఆయన ముక్తేశ్వరం రేవుకీ కోటిపల్లి రేవుకీ మధ్య పంటు నడుపుతాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని గోదారి దాటిస్తాడు. వంతెన మీద రైలొస్తే పంటు ఎవరెక్కుతారు? అందుకని రైలు పేరెత్తితే ఆయనకి ఒళ్ళు మంట. నేను మొదటి పట్టా వేసిన రోజున రేవులో అందరి ముందూ ఒట్టేశాడు. “కన్నకొడుకే నా పంటుకి గొయ్యి తవ్వుతున్నాడర్రా. ఆ పాకలో అడుగెట్టేనంటే నన్ను నూకయ్య అనకండి.” ఈ రోజుకీ అడుగు పెట్టలేదు. అయితే ఊళ్ళో చుట్ట కాల్చుకోవడానికి వేరే చోటు లేనట్టు రోజూ ఆ గడప బయటే నిలబడి కాలుస్తాడు.

స్టేషన్‌కి దూరంగా, ముందే హెచ్చరించే సిగ్నల్ ఒకటుంటుంది. పసుపు చెయ్యి, చివర చేపతోకలా చీలి ఉంటుంది. నేను కొలత ప్రకారం కొద్దిగానే చీల్చాను. బయటి నుంచి మాట వచ్చింది: “అదేం తోకరా? పులస తోక ఇంకా లోతుండదూ?” పులస కాదు, సిగ్నల్ అన్నాను. “ఏదైనా తోకన్నాకా తోకలా ఉండాల.” లోతుగా కోశాను. రైల్వేవాళ్ళు చూస్తే నవ్వుతారు. నవ్వనివ్వండి. దాన్ని ఎవరూ సరిచెయ్యకూడదు.

తర్వాత ఒకరోజు వంతెన ముందరి సిగ్నల్ తీగ తెగింది. గోదారి తేమకి తుప్పు పట్టి ఉంటుంది. చెయ్యి దాని బరువుకి అదే వాలిపోయి, వెళ్ళమంది. అప్పటికి నా వంతెన మీద పట్టాలు సగమే. రైలు పోయి పోయి, నీలం రంగేసిన చెక్క గోదాట్లో పడింది. కిషోర్ చెప్పింది చెప్పినట్టు జరిగింది. నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “తాడు తెగితే ఆగమనాల గానీ, పొమ్మనకూడదురా. ఎక్కినోళ్ళు నిన్ను నమ్మి ఎక్కేరు” అన్నాడు. మర్నాడు పొద్దున్న గడప మీద గుడ్డమూట ఉంది. విప్పితే విసురువలకి కట్టే సీసపు గుళ్ళు. ఎవరు పెట్టారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక్కో చేతికి వెనకవైపు, స్తంభానికి అవతల ఉన్న కొసకి, ఒక్కో గుండు కట్టాను. ఇప్పుడు తీగ తెగితే గుండు కిందికి లాగుతుంది, చెయ్యి ఠక్కున లేచి అడ్డంగా నిలబడుతుంది.

ఆ రైల్వే మొత్తం, పాకతో సహా, మా నాన్న నూకయ్యకి రాస్తున్నాను. చెల్లీ, నీకే వస్తుందనుకుని ఉంటావు. రైలు నడపడం నీకే వచ్చు, నువ్వే నడుపు. హక్కు మటుకు ఆయనది. నారాయణమూర్తి గారు తియ్యగా మాట్లాడి అమ్మని ఒప్పిస్తారు, అమ్మ ఏడిస్తే నువ్వు కరుగుతావు. నాన్న దగ్గర ఆ పప్పులుడకవు. పాత నావ కుళ్ళిపోయి పనికిరాకుండా పోయినా ఒక్క చెక్క అమ్మకుండా పెరట్లో బోర్లించి పెట్టుకున్న మనిషి. నేను చెప్పిన రెండో మనిషి ఆయనే.

7. నాన్నా, నువ్వు ఒట్టు తప్పొద్దు. నేనడగను. వంతెన ముందరి సిగ్నల్ మీటని ఓపిక ఉండగానే పాక బయటికి మార్చాను. గడపకి కుడిపక్క, నువ్వు చుట్ట ఆర్పే చోట ఉంది. లోపల అడుగు పెట్టక్కర్లేదు, చెయ్యి చాపితే అందుతుంది. నా గోదాట్లో ఒక పంటు కూడా ఉంది. వంతెన చాటున ఉంటుంది గనుక నీకు గుమ్మంలోంచి ఎప్పుడూ కనబడి ఉండదు. అది ఒడ్డు చేరేదాకా వంతెన మీదికి రైలు వెళ్ళకూడదు. నా రైల్వేలో రూలు అది, మొదటినుంచీ అదే. చేరిందని చెల్లి లోపల్నుంచి కేకేస్తుంది. అప్పుడు మీట లాగు. లాగాలనిపించకపోతే లాగకు. రైలు ఆగే ఉంటుంది. ఆపేవి నీ గుళ్ళే.

ముక్తేశ్వరం, 2025 ఆగస్టు 19.

(సంతకం) ఓలేటి పండు

పై పండు మా ఎదట సంతకం చేయగా, మేమిద్దరం అతని ఎదటే సంతకాలు చేశాము.

సాక్షులు:
పొన్నమండ గంగయ్య, పంటు మీద టిక్కెట్లు కోసే మనిషి
గెడ్డం జెస్సీ, మెడికల్ షాపు