అమ్మ తోమిన సీడీ

12 మార్చి 2004, శుక్రవారం

అమ్మకు చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. సోమవారం కాలేజీలో చూపించాల్సిన నా ప్రాజెక్టు సీడీని ఏ కంప్యూటరూ చదవడం లేదు. నా దగ్గర ఇంకో కాపీ లేదు.

మొన్న అమ్మ దాన్ని దీపం కుందులతో పాటు బూడిద పెట్టి తోమి, మెరిసే పక్క బొట్టు పెట్టింది. కడిగితే బొట్టు పోయింది, గీతలు పోలేదు. ఈరోజు మదనపల్లెకు పోయి మూడు కంప్యూటర్ సెంటర్లు తిరిగాను. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి పెట్టినా, డ్రైవ్ కాసేపు గిరగిరా తిరిగి సీడీని బయటికి తోసేసింది. మూడో సెంటరాయన నవ్వినాడు. "ఏమ్మా, దీన్ని అంట్లలో ఏసి తోమినారా?"

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "నీ బిళ్ళ సూసి ఏమన్నారమ్మా? బాగా మెరస్తాండాదా?"

"మెరస్తాండాది మా."

ఆమెకు అక్షరం రాదు. నా చదువుకు తన చేతనైన సాయం అదేననుకుంది. ఫెయిలైతే ఏమని చెప్పేది?

రేపు పొద్దున కుప్పంలో ఉన్న నా స్నేహితురాలు శశికి ఫోన్ చేయాలి. సీడీ రైట్ చేసింది తన కంప్యూటర్‌లోనే. కానీ అందులోవన్నీ చెరిపేస్తానని పోయిన వారమే అనింది. శశీ, నా ఫోల్డర్ ఇంకా ఉందా? ఉన్నా లేకున్నా ఆదివారం సాయంత్రంలోగా చెప్పు.