చెక్క చెయ్యి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట అలవాటుగా రాయడం లేదు, ఇవాళ కళ్లారా చూసుకుని రాస్తున్నాను. మా ప్రెస్ గదిలో తొమ్మిది మంది ఆడవాళ్ల పద్దెనిమిది చేతులూ క్షేమం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వేళకి తింటున్నాను. చెల్లికి దగ్గు తగ్గింది. మేస్త్రీతో నేను గొడవ పడటం లేదు, అతనే నాతో పడుతున్నాడు. కుట్లు వేసిన చోట ఇంకా లాగుతోందని రాయించావు. వేడినీళ్ల కాపడం మానకు.

జాలీ సంగతేమైందని అడిగావు. పిన్నీ, ఇక్కణ్ణుంచి ఒక్క ముక్క కూడా మింగకుండా అమ్మకి చదివి వినిపించు.

అట్టలు కోసే ఆ ప్రెస్ నీ రెండు వేళ్లు తీసుకున్నాక నేనెంత అరిచానో నీకు తెలుసు. కరపత్రాల్లో చదివిందంతా మేనేజరు మొహాన అప్పజెప్పాను. "అరవడం కాదు, చేసి చూపించు" అన్నాడు. చేశాను. ప్రెస్ నోటికి అడ్డంగా ఇనప జాలీ, దాని కింద అట్ట దూరేందుకు సన్నటి సందు. అది ఏం సాధించాలో గోడమీద నేనే ఎర్రరంగుతో రాశాను: చెయ్యి లోపలికి పోకూడదు, పని ఆగకూడదు. పరీక్షకని ఒక చెక్క చెయ్యి కూడా చెక్కాను.

ఇవాళ పొద్దున్నే పరీక్ష. మేనేజరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. చెక్క చేతిని సందులోకి తోశాను. గణుపుల దగ్గరే ఆగిపోయింది. తిప్పి తోసినా పోలేదు.

"పర్లేదే కరపత్రం! నోటికున్నంత పనితనం చేతికీ ఉంది" అన్నాడు మేస్త్రీ.

"ఎవరైనా కూర్చుని నాలుగు అట్టలు కొట్టండి, సంతకం పెట్టేస్తాను" అన్నాడు మేనేజరు.

చిట్టక్క కూర్చుంది. అదే, నీ పక్క స్టూలు మీద పొట్టి మనిషి. మొదటి అట్ట బాగానే తెగింది. రెండోదీ అంతే. మూడోది లోపల అడ్డం తిరిగింది. సర్దబోయిన ఆవిడ చెయ్యి మణికట్టు దాకా సందులోకి జారిపోయింది. పైనుంచి అట్ట కోసే దిమ్మ దిగుతోంది.

స్విచ్ లాగేశాను. దిమ్మ ఆవిడ వేళ్లకి బెత్తెడు పైన ఆగింది.

"పోయిందనుకున్నా తమ్ముడూ" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. అందరూ నా వీపు తట్టారు, ఎంత చురుకో అని.

అమ్మా, చురుకూ లేదు, పాడూ లేదు. నా చెయ్యి ముందునుంచీ స్విచ్ మీదే ఉంది.

నాకు మూడు రోజుల కిందటే తెలుసు. అన్నం తెచ్చిన చెల్లి, ఆగి ఉన్న ప్రెస్ సందులో చెయ్యి పెట్టి "అన్నయ్యా, నాది పడుతోందే!" అంది. నోర్ముయ్యమన్నాను. ఆ చెక్క చెయ్యి నా చేతిని చూసి చెక్కింది. ఆ ప్రెస్ మీద పనిచేసేది అంతా ఆడవాళ్లే. ఆ సంగతి గోడమీద అంత పెద్ద అక్షరాలు రాసిన నాకు తట్టలేదు. తెలిశాక కూడా మేస్త్రీ నవ్వుతాడని మింగేశాను.

అక్కడే అందరిముందూ చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. చిట్టక్క నా వైపు చూడనేలేదు. పరీక్ష కాగితం లాక్కుని నా చేత్తోనే "పనికిరాదు" అని రాశాను.

"అయితే జాలీ పీకేసి పని మొదలెట్టండి" అన్నాడు మేనేజరు.

చిట్టక్క స్టూలు దిగింది. "చెయ్యి పట్టని జాలీ వచ్చేదాకా నేను కూర్చోను. కూర్చునేవాళ్లుంటే కూర్చోండి" అంది. ఒక్కరూ కదల్లేదు. చివరికి శనివారం దాకా గడువిచ్చాడు. అప్పుడూ తప్పితే జాలీ ఉండదు, నేనూ ఉండను.

కొత్త చెయ్యి చెక్కుతున్నాను. ఇక్కడ అందరి కొలతలూ తీసుకున్నాను. నీది వాళ్లందరికంటే చిన్నది. ముందే అడగాల్సింది, మొహం చెల్లలేదు. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాను. దానిమీద నీ ఎడమ చెయ్యి పెట్టి పిన్నిచేత చుట్టూ గీయించు. గణుపుల దగ్గర దారం చుట్టి అదీ పంపు. ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు ఎల్లుండి తిరిగొస్తాడు, అతని చేతికే ఇవ్వు.

కుడి చేతిదీ పంపమ్మా. రెండు వేళ్లు లేని చెయ్యి ఇంకా సన్నటి సందులోనైనా దూరుతుంది. తగ్గగానే మళ్లీ ఆ స్టూలు మీదే కూర్చుంటానని రాయించావుగా.

ఇట్లు,
నీ నోటిదురుసు కొడుకు